సొట్ట ఏ బుగ్గకి?

శిల్పి షెడ్డులో తడిగుడ్డ తీసిన మట్టిబొమ్మ: అంతరిక్షం నుంచి తిరిగి రాని వ్యోమగామి. ఎదురుగా ఆమె కవల అక్క. చేతిసంచీ కూడా ఇంకా కింద పెట్టలేదు.

“ముక్కు బాగుంది. చెవులూ బాగున్నాయి. మిగతాదంతా మార్చాలి.”

“ఇంక మిగిలిందేముందమ్మా? పదకొండింటికి అచ్చు తీసేవాళ్ళొస్తారు. కంచు పోశాక నేనూ ఏం చెయ్యలేను.”

“అందుకేగా పరిగెత్తుకొచ్చాను! ముందు ఆ చూపేంటి మాస్టారూ, ఆకాశంలోకి?”

“వ్యోమగామి కదమ్మా!”

“అయితే? ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కంచంలోకే చూసేది. అదీ నా కంచంలోకి.”

“సరే, రెప్పలు కాస్త దించుతా... ఇదిగో. చాలా?”

“చాలు. ఇప్పుడు సొట్ట. కుడిబుగ్గకి మార్చండి.”

“ఎడమేనమ్మా. ఇవిగో, తొమ్మిది ఫోటోలు. అన్నిట్లో ఎడమే.”

“తిరగేసి అచ్చేసుంటారు.”

“తొమ్మిదీనా? చొక్కా మీద పేరు తిన్నగానే ఉందే!”

“వాదించకండి. నాది ఎడమ, దానిది కుడి. నాలుగు నిమిషాలు పెద్దదాన్ని, నాకు తెలీదా?”

“ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ బుగ్గ మీకెక్కడ కనిపించిందమ్మా?”

“నవ్వించకండి! తప్పుబుగ్గతో వందేళ్ళు నిలబెడితే అది నన్ను వదుల్తుందా?”

“పోనీ, బాగా గుర్తుచేసుకోండి. మనిషి పోయి రెండేళ్ళయింది...”

“గుర్తుచేసుకోడమేంటి? రోజూ చూస్తుంటేను!”

“రోజూనా? ఎక్కడా?”

“ఎక్కడేంటి... ఇంట్లో. పళ్ళు తోముకుంటూ.”

“అంటే...”

“అంటే లేదు, గింటే లేదు. అద్దంలోనండీ! ‘ఒసేయ్ దొంగమొహమా, వారంలో వస్తానన్నావు, ఏదే?’ అని నాలుగు తిట్టిగానీ మొహం కడుక్కోను. అది నవ్వుతుంది. సొట్ట కుడిబుగ్గకే పడుతుంది.”

“అమ్మా...”

“ఏం?”

“అద్దంలో మీ ఎడమబుగ్గే అటువైపు మనిషికి కుడిబుగ్గలా కనిపిస్తుందమ్మా.”

“అదేంటి... కాదు. ఉండండి. నాది ఎడమ... అద్దంలో...”

“అవునమ్మా.”

“ఊఁ.”

“ఎడమకే ఉంచనా?”

“ఉంచండి. దొంగమొహం! అయితే రెండేళ్ళుగా ఒక్క తిట్టూ దానికి తగల్లేదన్నమాట. బొమ్మని ఎక్కడ నిలబెడతారో చెప్పండి, మాస్టారూ. మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి.”