మార్కండేయులి అంచులు

భద్రావతని ఒకామె, చీరాల అవతల మగ్గాలూళ్లో. వాళ్లన్న మార్కండేయులు చీరల అంచులకి బొమ్మలు గీసేవాడు. దేని మీదంటే, టీవీకి తగిలించే పాతకాలం కంప్యూటరు ఉండేది చూడండి, కీబోర్డులోనే సామానంతా ఉండేది, దాని మీద. కొత్తవి ఎన్నొచ్చినా దాన్నొదల్లా. ఓ చలికాలం జొరమొచ్చి పోయాడు. పెళ్లాం బిడ్డలు లేరు, ఆ అంచులే ఆయన మిగిల్చింది. భద్రావతి దాని ముందు కూచుని తనూ గీయడం నేర్చుకుందంట.

ఏమైందంటే, అందులో డిస్కు మూలగడం మొదలెట్టింది. రిపేర్లు చేసే మస్తాన్ని పిలిస్తే, అతను ఎక్కడో వెతికి పెద్ద డిస్కొకటి తెచ్చి బిగించి, అన్న బొమ్మలన్నీ దాన్లోకి ఎక్కించాడు. పాతది ఆ తర్వాత ఇక తిరగనే లేదనుకోండి. అప్పుడు చెప్పాడంట, అక్కా, డిస్కు పెద్దదే గానీ ఈ మిషను నాలుగు జీబీ దాకే లెక్కపెట్టగలదు, అందుకని ఆ లోపలే ఒక గది కట్టాను, మిగతాది ఖాళీగా వదిలేశా, దాని జోలికి పోబాక, హద్దు దాటి రాస్తే ఇది లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చి రాసిద్ది, తగిన సాఫ్టువేరు దొరికినాక నేనే వచ్చి సర్దుతా, అని. ఆమె సరేనంది.

సరేనంది గానీ ఆ గది నిండిపోయింది. పెళ్లిళ్ల రోజులు, షావుకారు కొత్త అంచులు కావాలని కూచున్నాడు, మస్తాను ఊళ్లో లేడు. అంత చోటు ఊరికే పడుంటే ఎందుకీ ఇబ్బంది అనుకుంది పాపం. అతను చేసేటప్పుడు చూసిందే గదా, రెండో గది తనే కట్టి తన బొమ్మలు దాన్లో దాచింది. కంప్యూటరు కిమ్మనలా. తెల్లారి అన్న గీసిన అంచొకటి తెరుద్దామని చూస్తే, ఏదీ తెరుచుకోలా. హద్దు అవతల రాసిందంతా చుట్టు తిరిగొచ్చి అన్న బొమ్మల మీద పడిందన్నమాట.

మస్తానొచ్చి చూశాడు. "రెండో గది నువ్వే కట్టావా అక్కా?" "నేనే. ఇంక రావా అయ్యి?" "రావక్కా. వాటి మీదే రాసేసింది." ఆమె ఏడవలేదంట. మా అన్న మళ్లీ పోయాడురా మస్తానూ అని మాత్రం అని, చెప్పులేసుకుని బయటికెళ్లింది.

ఎక్కడికంటే, ఇళ్లకి. మా అన్న అంచున్న చీర ఉంటే ఒకసారి చూపించమ్మా అని అడగడం, పెట్టెలు దింపించడం, అంచు ఒళ్లో పరుచుకుని పోగు పోగూ చూసి గీసుకోడం. తిరుపాలమ్మని ఒకామె, "మా అత్త పోయినప్పుడు ఆ చీర ఆమెకే కట్టి పంపించాం గదమ్మా" అంది. భద్రావతి అక్కడే కూలబడి, "ఎట్టా ఉండేదో గుర్తుందా?" అనడిగింది. "నెమలికంఠం రంగు. అంచంటావా, సరిగ్గా చూడలేదు తల్లీ ఎప్పుడూ."

అట్టా తిరిగి తిరిగి కొన్ని సంపాయించింది. మస్తాను వాటిని ఇంకోచోట కూడా దాచాడు. మిగతాయి దొరకలా. గుర్తున్నంతలో గీయొచ్చుగదా అంటే, "నేను గీస్తే అది నాదవుద్ది, అన్నది కాదు" అనేదంట.

మా ఇంటికీ వచ్చింది. మా ఆవిడ పెట్టెంతా తిరగేసింది. ఉండేదే ఒకటి, ఎప్పుడో పాతబట్టలోడికిచ్చి స్టీలు గిన్నె తీసుకుందంట. గిన్నె మాత్రం బాగానే ఉంది.