తెల్లపావులు

అమలాపురంలో చదరంగం పోటీ ముగిసింది. ఓడిన మాస్టారూ, ఆయన్ని ఓడించిన శిష్యురాలూ హాలు బయట వరండాలో కూర్చున్నారు; మాస్టారి భార్య పక్క బెంచీ మీద ఉన్నారు.

“మొదటి ఎత్తుకే అంతసేపు ఆలోచించేరేంటండీ మాస్టారూ? ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను.”

“ఒంట్లో బాగానే ఉందమ్మా. తెల్లపావులు నా వైపు ఉండేసరికి చెయ్యి లేవలేదు.”

“ఎందుకండీ?”

“మన కొత్తపేటలో నేర్చుకోడానికి ఏ పిల్లలొచ్చినా తెల్లపావులు వాళ్ళకే ఇచ్చేవాణ్ణి కదా. ముందు ఆడేది వాళ్ళు. జవాబు చెప్పడమే నా పని.”

“ఆయ్. నాకూ అంతేనండీ. నల్లపావులు ఎలా ఆడాలో మిమ్మల్ని చూసే నేర్చుకున్నాను.”

“బాగా నేర్చుకున్నావు. ఇవాళ నువ్వేసినవన్నీ నా ఎత్తులే. ఆట మొదలుపెట్టడం మాత్రం నా చెయ్యి మర్చిపోయింది. ఏదో ఒక బంటుని జరిపేసి, నువ్వేం చేస్తావా అని చూస్తూ కూర్చున్నాను.”

“ఇన్నేళ్ళూ మా కోసమే పోటీలకి తిరిగేరు. మీ కోసం మీరు ఆడింది ఇదొక్కటే. అమ్మగారు కూడా చూద్దామని వచ్చేరు. నేను గెలవకుండా ఉండాల్సిందండీ.”

“ఆ మాట అనకు. నువ్వు జాలిపడి ఓడిపోతే నాకింకా సిగ్గు.”

“బస్సుకి ఇంకా టైముందండీ. బోర్డు నా సంచిలోనే ఉంది. అమ్మగారు చూస్తుండగా ఒక్క ఆట ఆడదాం. తెల్లపావులు మీరు తీసుకోండి.”

పావులన్నీ పేర్చాక, మాస్టారు బోర్డును మెల్లగా అటు తిప్పేశారు.

“నువ్వే మొదలుపెట్టమ్మా. నువ్వేదైనా వేస్తే, ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది.”