నడిస్తే మాయం

హైటెక్ సిటీలో ఒక కొత్త కంపెనీ గేటు దగ్గర, దీపాలు పెట్టే వేళ కాపలాదారు కెమెరా ఇంజనీరును ఆపాడు.

“సారూ, నిన్న గేటు కాడ నేను లేనే లేనంట. టీవీల చూసి సూపర్‌వైజర్ సారు రేపటిసంది రావద్దంటుండు.”

“యాడికన్నా పోయినావా అన్నా?”

“ఏడికి వోలే. ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతనే ఉన్న. నా తోటి కాపలాదారు, కుర్చీల కునుకు తీసిన ఓదెలు మాత్రం పెండ్లి ఫొటోల లెక్క సాఫ్‌గ కనవడ్డడంట.”

“అయ్యో, తప్పు నాదే. మసకచీకట్లో బొమ్మ నిండా చుక్కలొస్తాంటే, పాత బొమ్మలో కొత్తది కొంచెం కొంచెం కలిపేట్టు చేసినా. ఈ ముసలి కంప్యూటర్ అంతకంటే మోయలేదు. కదలనిది తేటగా నిలుస్తాది. కదిలేది చుక్కలతో పాటే చెరిగిపోతాది.”

“అంటే తిరిగెటోడు మాయం, తూగెటోడు ఖాయం?”

“అంతే. కదిలే చోట కలపొద్దని ఇప్పుడే మారుస్తా. ఆ చోట చుక్కలుంటాయి, నువ్వూ ఉంటావు. మీ సూపర్‌వైజర్‌కు, మీవాళ్లందరికీ నేనే చెప్తా. అందాకా కదలకుండా కుర్చీలో కూర్చో.”

“కూసుంటే గేటెవరు చూస్తరు సారూ?”

అతను కర్ర తీసుకుని నడిచాడు. లోపల టీవీలో గేటు మళ్ళీ ఖాళీ అయింది.