మోరి మెడగంట

హలో… వినపడుతోందా? ఆ, నేనే, మీ అన్నయ్యనే. … లేదు. ఇంకా చంపలేదు.

…

చంపలేదంటున్నానుగా ఆల్ఫా, ఎన్నిసార్లు అడుగుతావు? ముక్కు విరిగింది. పళ్ళు రెండో మూడో రాలాయి. బురదలో కూర్చుని ఏడుస్తున్నాడు. చచ్చినవాడు ఏడవడు కదా.

…

నా చేతిలోనే ఉంది తుపాకీ. … గుళ్ళున్నాయి. … ఎవరికి గురిపెట్టానంటే ఏం చెప్పను, ఇక్కడ ఇంకెవరున్నారని?

ఒక్కమాట చెప్పు. పోలీసుగా అడుగుతున్నావా, చెల్లెలిగా అడుగుతున్నావా? … రెండూ కుదరదు. ఏదో ఒకటి తేల్చు. … సరే. చెల్లెలివైతే విను.

వాడే. మొన్న మా ఇంట్లో దిగాడని చెప్పానే, గడ్డంవాడు. మన దేశం చూడ్డానికి వచ్చాడు. ఉల్ఫ్ అని పిలవమన్నాడు, అసలు పేరు డెరెకో ఏదో. ఒంటి నిండా పచ్చబొట్లు, నెత్తిన పాతకాలం మన వాళ్ళలాగట, కొమ్ముల టోపీ. మా తాతముత్తాతలెవరికీ కొమ్ముల్లేవు బాబూ, కొమ్ములుండేది గొర్రెలకి అని మీ వదిన చెప్పింది. నవ్వాడు. బాగానే కలిసిపోయాడులే అనుకున్నాం. మందని తోలుకొచ్చేది చూస్తానంటే ఇవాళ వెంట తెచ్చాను.

…

మోరిని నరికేశాడు.

…

ఉన్నావా? … ఆ, మోరినే. మా మోరినే. మందకి దారి చూపే గొర్రెని, గొడ్డలితో.

ఒక్క దెబ్బకి పోయినా బాగుండేది. చేతకాని వెధవ, ఎన్ని వేశాడో తెలీదు. నేనొచ్చేసరికి అదింకా కాళ్ళు కొట్టుకుంటోంది. వీడు దాని నెత్తురు మొహానికి పూసుకుని, కొండవైపు చేతులెత్తి పాట పాడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడే, ఆల్ఫా… నవ్వాడు. అగ్నికొండ శాంతించాలని బలిచ్చాడట. నాకు మేలు చేశాడట.

…

ఆ, చెప్పింది నేనే. నిన్న భోజనాల దగ్గర. పాతకాలంలో మన వాళ్ళు మందలో మేలైనదాన్నే దేవుళ్ళకి ఇచ్చేవాళ్ళని. చెప్పాను, కాదనను. రెండు గుక్కలు పడితే ఎవడైనా చెబుతాడు. చెయ్యమన్నానా?

…

మొదటి దెబ్బ నాదే. తుపాకీ మడమతో మొహం మీద వేశాను. పడ్డాడు. పడ్డవాడు లేస్తూ గొడ్డలి ఊపాడు. నా తొడలో దిగింది.

…

అరవకు. ఎముకకి తగల్లేదనుకుంటా. బెల్టు బిగించాను… కారుతోంది, కానీ ఇందాకటంత లేదు. గొడ్డలి లాక్కుని ఏట్లో పారేశాను. ఆ తర్వాత… ఆ తర్వాత కొట్టాను. చెయ్యి నెప్పెట్టేదాకా కొట్టాను. బెదిరించడానికి ఒక గుండు గాల్లోకి పేల్చాను, దాంతో నా గుర్రం పారిపోయింది. నా తెలివి అంతే ఏడిసింది.

కదలకు. ఒరేయ్, నీకే. కూర్చో. … వాడితోలే. మన భాష అంతంతమాత్రమేగానీ తుపాకీ చూపిస్తే బాగానే అర్థమవుతోంది.

…

ఎక్కడంటే… ఏరు దాటే రేవు దగ్గర. నాన్న చుట్టూ దున్ననివ్వని రాయి లేదూ, దాని మీద కూర్చున్నాను. కంటికి కనపడకుండా దీని లోపలుండేవాళ్ళకి కోపమొస్తుందని మనల్ని ఎక్కనిచ్చేవాడు కాదు. సిగ్నలు దీనిమీదే ఉంది మరి, ఏం చెయ్యను.

మంద అవతల. లంకలో. … మొత్తం మంద. … మీ వదిన కూడా.

…

ఆల్ఫా?

…

ఏంటీ? … మళ్ళీ చెప్పు. … అగ్నికొండ పేలి మంచు కింద నీళ్ళు తెగాయా? ఎప్పుడు?

… అందుకా వాసన. పొద్దున్నించీ గంధకం కంపు కొడుతోంది, గాలి మారిందేమో అనుకున్నాను. … వంతెన మూసేశారా? మరి నువ్వెలా వస్తావు? … హెలికాప్టరు? … అవును, బూడిదలో ఎగరదు. ఇక్కడా పడుతోంది. వీడి గడ్డం నెరిసిపోయింది.

అంటే రావడానికి ఎవరూ లేరు.

…

చూస్తున్నాను. ఏరు నల్లబడింది. మంచుగడ్డలు వస్తున్నాయి, చిన్నవే ఇంకా. లంక తలవైపు తెగుతోంది.

…

చెప్పనా? గొంతు పోయేదాకా అరిచాను, గుర్రమెక్కి వచ్చెయ్యమని. చెయ్యి ఊపింది. ఆ ఊపడం నీకు తెలుసుగా. మంద లేకుండా రాదు. పెళ్ళైన కొత్తలో మంచుతుఫానులో ఒక్క పిల్ల తప్పిపోతే రాత్రంతా దాంతోనే పడుకుంది. ఇప్పుడు మందనొదిలి వస్తుందా?

తోలుతోంది పాపం. అవి నీళ్ళదాకా వస్తున్నాయి, వాసన చూసి వెనక్కి తిరుగుతున్నాయి. మోరి ముందు దిగితే తప్ప అవి దిగవు. దాని పుట్టుకే అందుకు, దాని తల్లి, దాని అమ్మమ్మ అందరూ అంతే. కళ్ళు కనపడని మంచులో కూడా దారి పట్టేది. అందుకే ఇంటినుంచి తెచ్చాను దాన్ని. ఇక్కడ కట్టేసి, ఏటి ఎగువన నీళ్ళెలా ఉన్నాయో చూసొద్దామని అలా వెళ్ళాను… వచ్చేసరికి ఇది.

…

నా హెర్దిస్‌కి ఏమైనా అయితే వీణ్ణి కాల్చేస్తాను.

… చట్టం చెప్పకు. … నాకు తెలుసు. జైలుకి వెళ్తాను, వెళ్తే వెళ్తాను. ఎవరికోసం బయటుండాలి? … మాట్లాడకు. కళ్ళముందు కనపడుతోంది నాకు, వీడి నుదురు.

…

ఏంటీ? … మెడగంటా? … ఉంది, మోరి మెడలోనే ఉంది. ఎందుకు?

…

ఆ… గుర్తుంది. చిన్నప్పుడు ముసలి గొర్రె గంట తీసి నువ్వు మెడకి కట్టుకున్నావు. మందంతా నీ వెనకాలే వంటింట్లోకి వచ్చింది. అమ్మ చీపురు తిరగేసి నిన్నూ కొట్టింది, గొర్రెల్నీ కొట్టింది.

… ఇక్కణ్ణించి మోగిస్తే లాభం లేదు. ఈ హోరులో వాటికి వినపడదు. ముందు నడవాలి ఎవరైనా. నేను కట్టుకుని దిగుదామన్నా ఈ కాలు… నిలబడితేనే కళ్ళు తిరుగుతున్నాయి.

…

వీడా?

…

వీడికి రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

…

ఉండు. స్పీకరులో పెడుతున్నాను, రెండు చేతులూ కావాలి.

లేవరా. లే. … రా ఇటు. దాని దగ్గరికి. ఆ గంట విప్పు. నువ్వే విప్పు. దాని మొహం చూస్తూ విప్పు. … బిగుసుకుంటే లాగి విప్పు. … మెడకి కట్టుకో.

ఇదిగో, ఈ ఉన్ని చొక్కా తొడుక్కో. … చలేస్తోందిలే ఆల్ఫా, చలేస్తే చస్తానా? నా వాసన తెలుసు వాటికి. … టోపీ కూడా పెట్టుకో. కొమ్ములు కావాలన్నావుగా.

చూడు. అదిగో, అక్కడ ఆ మనిషి నా భార్య. వెళ్ళి వాటి ముందు నిలబడు. గంట మోగిస్తూ వెనక్కి రా. పరిగెత్తకు. … నీళ్ళలోకి వెళ్తే చస్తావేమో. వెళ్ళకపోతే చస్తావు. అర్థమైందా?

… అర్థమైంది. ఏడుపు ఆపాడు.

…

దిగాడు. మోకాళ్ళ దాకా… తొడల దాకా. … పడ్డాడు. లేచాడు. … ఆగిపోయాడు. వెనక్కి చూస్తున్నాడు. వద్దని తల ఊపుతున్నాడు.

—

ఏం లేదు, ఏం లేదు. నీళ్ళలోకి పేల్చాను. వాడికి పక్కనే. … పక్కనే అన్నాను కదా. కదిలాడు.

…

నడుం దాకా. … గడ్డ ఒకటి వస్తోంది… తప్పించుకున్నాడు. మొండివాడే. … లంక ఎక్కాడు, ఆల్ఫా. ఎక్కాడు.

మీ వదిన గుర్రం తిప్పింది. చూస్తోంది. … గంట గుర్తుపట్టింది. నెత్తురూ చూసింది. కొరడాతో మొహం మీద ఒక్కటిచ్చింది. … ఇంకోటి. … ఆగింది. నావైపు చూస్తోంది. ఏడుస్తోందో తిడుతోందో ఇక్కడికి తెలీదు. … అదిగో, ఏరు చూపిస్తోంది వాడికి. నడవమంటోంది.

మోగిస్తున్నాడు. … తలలెత్తాయి. మందంతా తలలెత్తింది.

…

రావే తల్లీ… ఒక్కటి రావే… ఒక్కటొస్తే చాలు.

…

నల్ల ఆడగొర్రె దిగింది! దాని వెనక… ఆల్ఫా, దిగుతున్నాయి. కొండచరియ జారినట్టు అన్నీ దిగుతున్నాయి. వాడి వెనకాలే. మీ వదిన చివర. నీళ్ళు గుర్రం మెడదాకా ఉన్నాయి, అయినా వస్తోంది.

… కొన్ని కొట్టుకుపోతున్నాయి. పిల్లలు. పోనీ. … చూడలేను, పోనీ.

అయ్యో.

… వాడికి తగిలింది. పెద్ద గడ్డ. పక్కటెముకల మీద. మునిగాడు… తేలాడు. రాయి పట్టుకున్నాడు, ఏటి నడుమ. … లేదు, గొర్రెలు ఆగలేదు. వాటికి ఒడ్డు కనపడింది, వాడి పక్కనించి వచ్చేస్తున్నాయి. … ఎక్కుతున్నాయి. నా ఒళ్ళంతా తడిపేస్తున్నాయి, దొంగముండలు.

హెర్దిస్! … ఎక్కింది. ఆల్ఫా, మీ వదిన ఒడ్డెక్కింది. గుర్రం మోకాళ్ళ మీద పడింది, కానీ ఎక్కింది.

…

…

వాడింకా అక్కడే. ఆ రాయినే పట్టుకుని. మెడదాకా నీళ్ళు. అరవడానికి కూడా ఓపిక లేదు. గంట ఒక్కటే, నీళ్ళు ఊపినప్పుడల్లా…

ఇప్పుడు నేనేం చెయ్యక్కర్లేదు, తెలుసా? గుండు కూడా దండగే. ఇలా చూస్తూ కూర్చుంటే చాలు. ఏ కోర్టూ అడగదు. నువ్వు కూడా అడగవు.

…

నువ్వేమంటావు?

… పోలీసుగా చెప్పు. … ఊఁ. చెల్లెలిగా? … అప్పుడూ వాణ్ణి లాగమనేనా.

…

మోరి ఇక్కడే ఉంది, నా కాళ్ళ దగ్గర. కళ్ళు తెరుచుకునే ఉంది. ఎలా మర్చిపొమ్మంటావు?

…

సరే. … సరే అన్నానుగా.

వాణ్ణి చంపితే నేనే చంపాలి. మధ్యలో ఈ ఏరెవరు?

హెర్దిస్, ఆ జీను తాడు ఇటు విసురు. … ఈ రాయికి ఒక చుట్టు తిప్పు, మిగతాది గట్టిగా పట్టుకో. … కాలా? కాలు బాగానే ఉంది. … బాగా లేదు, అయితే ఏం? నీళ్ళలో నడవను, తేలతాను. నడుముకి బిగించు. … ఇంకా.

ఆల్ఫా, తుపాకీ ఏట్లో పడేశాను. నీ ముందే పడేశాను, ఆ చప్పుడు విన్నావుగా. ఫోన్ రాయి మీద పెడుతున్నాను. లోపలుండేవాళ్ళు చూసుకుంటారులే. కట్ చెయ్యకు. … గంట వినపడుతోందా? … ఆ. అది మోగుతున్నంతసేపూ వాడున్నట్టే.

ఆగిపోయిందంటే గట్టిగా అరిచి చెప్పు, నీళ్ళలో నాకు తెలీదు.

తాడు వదులు, హెర్దిస్… ఇంకొంచెం… ఇంకొంచెం…