గిన్నెలు కడిగినంతసేపు

నేను చెప్పేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమున్నా, ఈ కుర్చీలోంచి లేవకుండానే పోతాను. ఒట్టు. ఎనభై మూడేళ్లదాన్ని, పోవడానికి పెద్ద శ్రమ కూడా అక్కర్లేదులే.

నీ గది దుమ్ము దులుపుతుంటే కాగితాలు వాటంతటవే తెరుచుకున్నాయి. నాకు కళ్లున్నాయి. నా తప్పా?

అలా చూడకు. మూడేళ్లుగా నా మేడ మీద అద్దెకుండి, చంపినవాళ్లకి శిక్షలో సగం మాఫీ ఎప్పుడివ్వాలో ఏడు వేల పేజీలు రాశావు. డాక్టరేటట! అంత రాసి, బెరిల్ థ్రెల్‌ఫాల్ కేసు దగ్గరకొచ్చేసరికి ఏమన్నావూ? "జ్యూరీ ఆమె మాట ఎందుకు కాదందో తెలిసే దారి లేదు." లేదా? పొద్దున్నే నీకు టీ పెట్టిచ్చేదాన్ని అడిగితే సరిపోయేదిగా!

నోరు మూసుకో, ఈగలు దూరతాయి. అవును, ఆ జ్యూరీ పన్నెండుమందిలో నేనొకదాన్ని. పందొమ్మిది వందల ఎనభై నాలుగు, మార్చి నెల.

చట్టం ఒప్పుకోదా? జ్యూరీ గదిలో మాట బయటపెడితే జైలా? పెట్టమను. అక్కడ మూడు పూటలా వేడివేడిగా పెడతారు, గిన్నెలు కూడా వాళ్లే కడుక్కుంటారు.

కేసు నాకంటే నీకే బాగా తెలుసు. అయినా నా నోటితో విను. మొగుడు క్లిఫ్ బెరిల్‌ని పందొమ్మిదేళ్లు కొట్టాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం గ్రేవీలో ఉండ తగిలిందని పళ్లెం మొహాన విసిరి, కుర్చీలో పడి గురకపెట్టాడు. ఆమె గిన్నెలు కడిగింది. తుడిచింది. అల్మారాలో సర్దింది. ఆ తరవాత, బొగ్గులు పగలగొట్టే సుత్తి తీసుకుంది.

అప్పట్లో రూలేమిటి? మొగుడు రెచ్చగొట్టాక, ఒళ్లు తెలియని కోపంలో అప్పటికప్పుడు చంపితే అది హత్య కాదు, నరవధ అనే చిన్న నేరం. మూడేళ్లో నాలుగేళ్లో. మధ్యలో కోపం చల్లారిందా, హత్యే. యావజ్జీవం. జడ్జి ఏడ్చినా తగ్గదు.

ఆ జడ్జి! నెత్తిమీద విగ్గు, చచ్చిన గొర్రె పడుకున్నట్టుండేది. "మామూలు బుద్ధి ఉన్న మనిషి ఆమె స్థానంలో ఉంటే ఏం చేసి ఉండేవారో ఆలోచించండి" అన్నాడు. అది చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. సరే, నాలుగ్గంటలు.

గదిలో పదిమంది మగాళ్లు, నేను, కూర్చున్నచోటే నిద్రపోయే ఒకావిడ. మా జ్యూరీ పెద్ద ఒక వేలంపాటలవాడు. ఆ మీసంలో పిచ్చుకలు రెండు కాపురాలు పెట్టొచ్చు. "పళ్లేలు తుడిచి సర్దిన మనిషికి ఒళ్లు తెలియని కోపమేంటండీ?" అన్నాడు.

ఒక బస్సు కండక్టరు ఒప్పుకోలేదు. "మా అమ్మ అలా గిన్నెలు కడుగుతుంటే మేం వంటింటి ఛాయలకి పోయేవాళ్లం కాదు" అన్నాడు. సగం మంది అటు, సగం మంది ఇటు. అప్పుడందరూ నావైపు తిరిగారు.

"మిసెస్ క్లెగ్, రోజూ ఆ పని చేసేవారు మీరు. చెప్పండి. కడుగుతుంటే కోపం ఉంటుందా, పోతుందా?"

చూశావా? జడ్జి చెప్పిన ఆ మామూలు బుద్ధి మనిషిని నేనే! పుట్టి బుద్ధెరిగాక నన్నెవరైనా సలహా అడగడం అదే మొదలు.

"పోతుందండీ" అన్నాను. "వేణ్ణీళ్లలో చేతులు పెడితే మనసు కుదుటపడుతుంది."

ఇరవై నిమిషాల్లో హత్యేనని తేలిపోయింది. కండక్టరు అందరికన్నా ఆఖర్న చెయ్యెత్తాడు. నా వంక చూడలేదు.

పద్నాలుగేళ్లు లోపలుంది. ఆరేళ్ల కూతుర్ని పరాయివాళ్లు పెంచారు. ఆ పిల్ల మళ్లీ ఆమెని అమ్మా అనలేదని నువ్వే రాశావు. ఇప్పుడు చట్టంలో "అప్పటికప్పుడు" అన్నది తీసేశారనీ రాశావు. ఎంత మంచివాళ్లో!

మా ఆయన నార్మన్ ఫొటో వంక చూస్తున్నావేం?

ఆఁ. అవును. ఈయన పళ్లేలు విసిరేవాడు కాదు, పింగాణీ అంటే ప్రాణం. నా మణికట్టు రెండుసార్లు విరిచాడు. రోజూ భోజనాలయ్యాక సబ్బునురగ కింద వేళ్లతో కత్తులు తడుముకునేదాన్ని. ఆరు. కోపం చల్లారేదా? గిన్నె గిన్నెకీ పెరిగేది. తుడిచి సొరుగులో పెట్టి, ఆయనకి టీ ఇచ్చేదాన్ని.

చల్లారదు అని ఆ గదిలో అంటే, పదకొండుమందీ నా మొహం చూసి మా ఇంటి సంగతి పట్టేసేవారు. భయమే అనుకో. కానీ ఒక్క భయమే కాదమ్మాయ్. నాకు ఆమె మీద మంట. నేను ఓర్చుకుని పడున్నానే, దీనికేం రోగం అని. అదీ సంగతి.

ఏడవకు, ముక్కు ఎర్రబడితే బాగోవు. పుస్తకంలో రాయకూడదంటావు. సరే, రాయకు. పోయినేడు ఆమెతో మాట్లాడొచ్చావుగా, ఇల్లు తెలుసుగా. రేపు వెళ్లు. "ముందు వరసలో రెండో కుర్చీ, ఆకుపచ్చ టోపీ ఆవిడ. కోపం పోదని తెలిసే, పోతుందని చెప్పింది" అను. క్షమించమందని మాత్రం అనకు. పేరడిగితే పేరు చెప్పు, ఇల్లడిగితే ఇల్లు చెప్పు. వస్తానంటే రమ్మను, తలుపు గడియ వెయ్యను.

తొమ్మిదింటి బస్సు పట్టుకో. అది తప్పితే మళ్లీ పన్నెండింటికే.