మా బావ కత్తి మీది నల్లపూత

తెల్లారితే సముద్రంలో నా మొదటి చేపల వేట. బోటెక్కేవాడి జేబులో మడతకత్తి ఉండి తీరాలి. వల దించేటప్పుడు తాడు కాలికి చుట్టుకుంటే మనిషిని కాపాడేది ఆ కత్తే. కొత్తవాడి కత్తిని బోటు నడిపే సరంగు పరీక్ష చేసి సరేనంటేనే చోటు, లేదంటే గట్టు మీదే. నాకు కత్తి లేదు. "కొత్తది కొనడమెందుకు, నీ కత్తి మా తమ్ముడికివ్వు" అని మా అక్క బావ ప్రాణం తోడేసింది. అందుకే ఆ సాయంత్రం రేవు పక్కన పిన్ని టీకొట్టులో, సరంగు ఎదురుగా, మా బావ తన కత్తి తీసి బల్ల మీద పెట్టాడు. మడిచే ఉంది. పిడి సందులోంచి బ్లేడు వెన్ను ఒక్కటే కనిపిస్తోంది, కాటుక దిద్దినట్టు నల్లగా.

నేను చెయ్యి చాచాను.

"ఆగరా, ముట్టుకోకు. ముందు దీని చరిత్ర విను," అన్నాడు బావ. ఆయన ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రి, మాట మొదలుపెడితే ఐసు కరిగి నీళ్లయినా ఆపడు. "కొన్న కొత్తలో దీంతో అట్టపెట్టెలు కోసేవాణ్ణి. అట్టే కదా, మెత్తన కదా అనుకుంటారు మీరు, కానీ నల్లపూతకి అట్టని మించిన శత్రువు లేదు పిన్నీ, గరగరా గీకేస్తుంది. మా వాళ్లందరి కత్తులకీ రంగు లేచిపోయి వెండిచారలు పడ్డాయి. నాదానికి? ఒక్క గీత చూపించండి. ఇందులో నా గొప్పేం లేదు, ఉన్నమాట చెప్తున్నా."

"నిజమే, ఒక్క గీత లేదు," అన్నాను వంగి చూసి.

"ఉండదురా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐసు దిమ్మలు గడ్డకట్టే ఉప్పునీళ్ల తొట్టి ఉంది చూశావా, అందులో జారిపడింది. ఆ నీళ్ల సంగతి సరంగు గారికి చెప్పక్కర్లేదు, ఇనపగొలుసుని కూడా చెదపట్టిన కర్రలా చేసేస్తాయి. వెతికాం, దొరకలేదు, ఊరుకున్నాం. వానలు పోయాయి, చలి పోయింది, ఎండలొచ్చాయి, చివరికి ఆ తొట్టే తుప్పుపట్టి చిల్లిపడి నీళ్లన్నీ కారిపోయాయి. చూద్దును కదా, అడుగున కత్తి! తొట్టి పోయింది, కత్తి మిగిలింది. గుడ్డతో తుడిస్తే తుప్పు అంటలేదు సరికదా, గుడ్డ మీదున్న పాత మరక కూడా పోయింది!"

"అమ్మ బాబోయ్!" అంది పిన్ని. టీ గ్లాసు నింపుతూ నింపుతూ ఆగిపోయింది.

"అప్పుడే బాబోయ్ అంటే ఎలా పిన్నీ, ఇంకా అసలు కథలోకి రాందే? సాన పట్టిద్దామని తీసుకెళ్లాను. సానవాడు చక్రం తిప్పాడు, నిప్పురవ్వలు లేచాయి, వీధంతా పెళ్లిపందిరిలా వెలిగింది. తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, చక్రం అరుగుతోంది. అరిగి అరిగి చివరికి నా చొక్కా గుండీ అంతయింది. వాడు లేచి నాకు దణ్ణం పెట్టి, 'బాబూ, నా పొట్ట కొట్టకు, దీన్ని ఇంటికి తీసుకుపో' అన్నాడు."

"మరి పదును?" అన్నాడు సరంగు. అంతసేపటికి ఆయన నోరు విప్పడం అదే.

బావకి చుర్రుమంది. "మధ్యలో మాట్లాడితే ఆపేస్తానండీ! పదునెందుకు? సానరాయే హడలిపోతే తాడొక లెక్కా? చూపిస్తే చాలు, తాడు దానంతటదే తెగి పక్కకి పడుతుంది."

సరంగు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఔరా!" అన్నాడు.

ఆ ఔరాతో బావకి రెక్కలొచ్చాయి. "ఈ సంగతి పాకి పాకి పూత వేసిన కంపెనీదాకా పోయింది. వాళ్ల పెద్దింజనీరు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చాడు. వజ్రం పొదిగిన సూది తీసి బ్లేడు మీద గట్టిగా గీశాడు. గీత పడింది. దేనికి? వజ్రానికి! పాపం పెద్దమనిషి, కళ్లనీళ్లు పెట్టుకుని, 'ఇది నిజంగా మేమే వేశామా?' అని నన్నడుగుతాడు! నేనేం చెప్పను?"

"నువ్వేం చెప్తావులే నాయనా," అంది పిన్ని, పూర్తిగా నమ్మేసి.

"అదొక ఎత్తు, పిడుగు ఒక ఎత్తు. ఒకరోజు గాలివాన, నేను మేడ మీద తాడు కోస్తున్నాను, ఫెళ్లుమని పిడుగు సూటిగా ఈ బ్లేడు మీదే పడింది. పడితే? నిలబడటానికి పట్టు దొరకాలి కదా! నల్లటి నునుపు మీద సర్రున జారి పక్కవీధిలో పడింది. ఆ వీధివాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు, అబద్ధమైతే వెళ్లి అడగండి. ఇక మిట్టమధ్యాహ్నం తెరిచామా, ఆ నలుపుకి కోళ్లు పొద్దుగూకిందనుకుని గూట్లో దూరేవి. కాకులైతే మా చుట్టమేనని వచ్చి పిడి మీద వాలేవి. అందుకని తెరవడమే మానేశాను. మనవల్ల ఊరికి చీకటి ఎందుకు?"

ఇంత కత్తి నా జేబులో ఉంటే ఏ తాడు నన్నేం చేస్తుంది? అక్క ఇక బెంగపడక్కర్లేదు. బావ కాళ్లకి దణ్ణం పెడదామనిపించింది.

సరంగు కత్తిని రెండు చేతులా అందుకున్నాడు. వెన్ను మీద బొటనవేలు రాసి చూశాడు. "ఏమో అనుకున్నాను. నా జన్మలో ఇలాంటి పూత చూళ్లేదు మేస్త్రీ," అని మళ్లీ బావ చేతిలో పెట్టాడు. పెట్టి, వంగి, పక్కనున్న తాడు తీసి బావ కాలికి చుట్టేశాడు. "కొత్తవాళ్లందరికీ చేసే పరీక్షే. కత్తి మీది కాబట్టి ముందు మీరే చూపించండి. అదుగో, వల దిగుతోంది. కోసుకోండి!" అంటూ తాడు రెండో కొస భుజాన వేసుకుని నీళ్లవైపు నడిచాడు.

బావ నవ్వుతూ గోరు పెట్టి బ్లేడు లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. గోరు విరిగింది. ఈలోగా తాడు బిగిసి, కూర్చున్న బల్ల మీంచి కిందపడ్డాడు, టీ ఒలికి చొక్కా తడిసింది. రెండు చేతులా లాగాడు, పళ్లతో కొరికి లాగాడు. కత్తి మూసింది మూసినట్టే ఉంది. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాం. తాడు ఈడ్చుకుపోతుంటే గట్టు అంచు దాకా వచ్చిన బావ మొహం చూసి నాకు నవ్వు ఆగిపోయింది.

"ఆపండయ్యా! పడిపోతాను!"

సరంగు ఆగాడు. బావ రొప్పుతూ లేచి కూర్చున్నాడు. తన కాలు వైపు చూడలేదు, నా కాళ్లవైపు చూశాడు. "ఒరేయ్, రేపు ఈ తాడు నీ కాలికి చుట్టుకుంటే..." అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకి నేనంటే ఇంత ప్రాణమని నాకప్పుడే తెలిసింది.

సరంగు బావ కాలి తాడు విప్పి, కత్తిని తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "బ్లేడుకి పూత వేశారు, మడత దగ్గర పిన్నుకి వేయలేదు. తుప్పంతా అక్కడ పట్టి బిగుసుకుపోయింది. అబ్బాయ్, తెరుచుకునే కత్తి తెచ్చుకో, చోటు ఉంచుతాను. అది నల్లగా ఉన్నా, తెల్లగా ఉన్నా నాకొకటే."

బావ అప్పటికే నా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. "పదరా, కొట్లు మూసేస్తారు. మంచిది చూసి నేనే కొనిస్తాను, అక్కడే పది తాళ్లు కోసి చూద్దాం," అన్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ప్రాణం ఒప్పలేదు, వెనక్కి తిరిగాడు.

"ఏమన్నా అనండి సరంగు గారూ, పళ్లతో కొరికినా పూత చెదరలేదు, చూశారా!"

"ఎందుకు చెదురుతుందయ్యా?" అన్నాడు సరంగు తాడు చుట్టుకుంటూ. "అది ఎప్పుడైనా ఇల్లు కదిలి బయటికొస్తేగా!"