స్తంభం మీద గాజు పలక

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఓనర్ల సంఘం ప్రెసిడెంటు దుర్గాప్రసాద్ గారికి, వేదిక మీదున్న ఇంజనీరు ఫిలిప్ గారికి, మూడో అంతస్తు లాయరు సుధామణి గారికి, ఎనిమిది అంతస్తుల ఆఫీసుల్లో పని ఆపుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం, సలాం. ముప్పై ఆరేళ్లు ఈ లిఫ్టు నడిపిన నబీని ఇవాళ మీరే లిఫ్టెక్కించి పైకి తీసుకొచ్చి శాలువా కప్పారు. (నవ్వులు)

నేను చేరిన రోజుల్లో గవర్నర్‌పేటలో ఇంత ఎత్తు ఆఫీసు బిల్డింగులు వేళ్ల మీద లెక్కేనండీ. ఉయ్యూరు నుంచి, చల్లపల్లి నుంచి పనుల మీద వచ్చేవాళ్లు లిఫ్టు ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చేవాళ్లు, పైకెళ్లాక చెప్పులు గుర్తొచ్చేవి, నేను మళ్లీ దిగి వాటిని తెచ్చి ఇచ్చేవాణ్ణి. సుధామణి గారు నవ్వుతున్నారు, ఆవిడ మొదటి క్లయింటు చెప్పులు కూడా నేనే మోశాను.

ఈ సభ కింద వీధిలో షామియానా వేసి పెట్టమని నాలుగుసార్లు అడిగాను. ప్రెసిడెంటు గారు, "ఇన్నేళ్లు మమ్మల్ని పైకి మోశావు నబీ, నీ సన్మానం పై అంతస్తులోనే జరగాలి" అన్నారు. ఆ మాటకు కళ్లు చెమ్మగిల్లి, చెప్పాల్సింది చెప్పకుండానే సరేనన్నాను. ఇప్పుడు చెబుతానండీ. నాకు భయంగా ఉంది.

రెండేళ్ల కిందట వానలకు సెల్లారులో నడుములోతు నీళ్లు నిలిచాక లిఫ్టు గుంట పక్క స్తంభం పగిలింది. ఫిలిప్ గారు ఆ పగులుకు అడ్డంగా ఒక గాజు పలక సిమెంటుతో అంటించి, "నబీ గారూ, ఇది విరిగిందంటే స్తంభం కదులుతున్నట్టు. వెంటనే నాకు ఫోన్ చెయ్యండి" అన్నారు. నెల తిరక్కుండానే విరిగింది. నేను ఫోన్ చెయ్యలేదు. ఎవరి సైకిలో తగిలి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. బిల్డింగు మూసేస్తే ఇంతమంది ఎక్కడికి పోతారు, నేనెక్కడికి పోతాను అని భయపడి, అలాంటిదే ఇంకో గాజు కోయించి తెచ్చి అంటించేశాను. ఫిలిప్ గారు వచ్చి చూసి, కదలిక లేదని రాసుకుని వెళ్లారు. సార్, ఆ తర్వాత మీరు చూసిన గాజులన్నీ నేను మార్చినవే.

మొదట్లో నెలకోసారి విరిగేది. మొన్న శుక్రవారం అంటించింది ఇవాళ మధ్యాహ్నం చూస్తే రెండు ముక్కలు. ఇవిగో, జేబులో ఉన్నాయి. ఈసారి మార్చలేదండీ, చెయ్యి రాలేదు.

ప్రెసిడెంటు గారూ, నన్ను కిందికెళ్లాక తిడుదురు గాని. భోజనాలు ఎదురు స్కూలు ఆవరణలో పెట్టించమని నేను మొండికేసింది ఇందుకే. లిఫ్టు ఎవరూ ఎక్కొద్దు, దాని తాళం నా దగ్గరే ఉంది. తోసుకోకుండా వరసకు వరస మెట్ల మీదుగా దిగండి. కింది అంతస్తుల్లో ఎవరన్నా ఉంటే పిలుచుకుని వెళ్లండి. చివరి మనిషి గుమ్మం దాటిందాకా నేనిక్కడే ఉంటాను.

మీ ఆదరణకు కృతజ్ఞతలు. ఈ శాలువాకు నేను తగినవాణ్ణో కాదో స్కూలు ఆవరణలో మీరే చెప్పండి. దిల్షాద్, ముందు వరసలో ఉన్నావు, నా కోసం చూడకుండా నువ్వు లే. నా భార్య లేచి వెళ్తే మిగతావాళ్లు నా మాట నమ్ముతారు.

సెలవు.